కొమ్ము వేరు, మండ వేరు... కోడ్‌కూ ఓ జల్లెడ!

ఎండలు ముదిరే వేళకు ఆర్మూర్ చుట్టుపక్కల ఊళ్లలో ఎటు చూసినా పసుపే. తవ్విన పంటను ఉడకబెడతారు, కల్లాల్లో రోజుల తరబడి ఆరబెడతారు, డ్రమ్ముల్లో తిప్పి పాలిష్ పడతారు. కొమ్ములు ఒకవైపు, మండ మరోవైపు పోస్తారు. ఆ తర్వాతే బస్తాలు నిజామాబాద్ మార్కెట్ యార్డుకో, ఇంకాస్త ధర పలుకుతుందనుకుంటే మహారాష్ట్రలోని సాంగ్లీకో బయల్దేరతాయి. తేమ ఆరని సరుకును యార్డు దాకా మోసుకెళ్తే ఏమవుతుందో రైతుకు ఒకరు చెప్పక్కర్లేదు. రేటు తగ్గుతుంది, కిరాయి మాత్రం తగ్గదు.

ఆ రైతు కొడుకో కూతురో హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంటే, వాళ్ల పనిలోనూ ఇలాంటి జల్లెడ ఒకటుంది. దాని పేరు లింటింగ్. రాసిన కోడ్ జనం ముందుకు వెళ్లకముందే అందులోని తప్పుల్ని ఏరి చూపించే ఏర్పాటు ఇది.

ఒక్క గుర్తు తేడాతో...

పసుపు బిల్లు లెక్కగట్టే చిన్న వెబ్ పేజీని జావాస్క్రిప్ట్‌లో రాస్తున్నారనుకుందాం. ‘సరుకు కొమ్ము అయితే ఈ రేటు, లేకుంటే మండ రేటు’ అని రాయాలి. పోల్చి చూడటానికి మూడు ‘=’ గుర్తులు పెట్టాల్సిన చోట, తొందర్లో ఒకటే పెట్టారు. జావాస్క్రిప్ట్‌లో ఒక్క ‘=’ అంటే పోల్చమని కాదు, ‘దీన్ని కొమ్ముగా మార్చెయ్’ అని! ప్రోగ్రాం ఆగదు, ఎర్ర అక్షరాలు రావు. వచ్చిన ప్రతి బస్తాకూ కొమ్ము రేటే పడుతుంది. రాత్రి లెక్కలు చూసుకునేదాకా ఎవరికీ తెలీదు. లింటర్ మాత్రం ఫలానా లైన్లో తప్పుందని అప్పుడే చెప్పేస్తుంది.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ 1978లో సీ భాష కోసం ‘లింట్’ అనే పరికరం తెచ్చారు. లింట్ అంటే బట్టకు అంటుకునే నూగు. జావాస్క్రిప్ట్‌కు 2002లో డగ్లస్ క్రాక్‌ఫర్డ్ ‘జేఎస్‌లింట్’ ఇచ్చారు. 2013లో నికొలస్ జకాస్ మొదలుపెట్టిన ‘ఈఎస్‌లింట్’ ఇప్పుడు ఎక్కువమంది వాడేది.

ఎలా పెట్టుకోవాలి?

ఈఎస్‌లింట్‌ను ప్రాజెక్టులో వేసుకుని, అది సిఫారసు చేసే నియమాలతోనే మొదలుపెట్టండి. అయితే గుర్తొచ్చినప్పుడు నడుపుదాంలే అనుకుంటే పని కాదు. శుక్రవారం సాయంత్రం డెడ్‌లైన్ ముందు ఎవరికీ గుర్తురాదు! అందుకే బిల్డ్‌లో కలిపేయాలి. ప్యాకేజ్ ఫైల్లోని స్క్రిప్టుల్లో ‘ప్రీబిల్డ్’ పేరుతో ఈఎస్‌లింట్ ఆదేశం రాస్తే, ఎన్‌పీఎంతో బిల్డ్ నడిపిన ప్రతిసారీ ముందు అదే నడుస్తుంది. తప్పు దొరికితే బిల్డ్ అక్కడే ఆగిపోతుంది.

ఇంకా ముందే పట్టాలంటే ‘హస్కీ’, ‘లింట్-స్టేజ్డ్’ ఉన్నాయి. మార్చిన ఫైళ్లను కమిట్ చేసేటప్పుడే చూస్తాయి. కానీ వీటిని దాటేసే దారి కూడా ఉంది. కాబట్టి సర్వర్లో, గిట్‌హబ్ యాక్షన్స్ లాంటి చోట, మరోసారి తనిఖీ పెట్టడం మంచిది. ఇంట్లో ఏరుకున్నా యార్డులో మళ్లీ చూస్తారు కదా!

పాత ప్రాజెక్టులో మొదటిసారి నడిపితే వందల తప్పులు కనబడి గుండె జారిపోవచ్చు. కంగారు పడకండి. కొన్నింటిని ‘ఫిక్స్’ ఆప్షన్ తనే సరిచేస్తుంది. మిగతావాటిలో ప్రమాదమైనవి ‘ఎర్రర్’గా, చిన్నవి ‘వార్నింగ్’గా పెట్టుకుని మెల్లగా తగ్గించుకోవచ్చు.

మాట పడేది తప్పుతుంది

దీనివల్ల ఇంకో మేలుంది. చిన్న ఊరి నుంచి వచ్చి కొత్తగా చేరిన పిల్లలకు రివ్యూలో పదిమంది ముందు ‘ఇది కూడా చూసుకోవా తమ్మీ’ అనిపించుకోవడం ఎంత కష్టమో పడ్డవాళ్లకే తెలుసు. అదే మాట మెషీన్ చెబితే మనసుకు తగలదు. పైగా దానికి సీనియర్, జూనియర్ తేడా లేదు. టీమ్ లీడర్ రాసినా తప్పు తప్పే.

పెద్ద కంపెనీలకూ ఈ జాగ్రత్త తప్పదు. 2014 ఫిబ్రవరిలో యాపిల్ ఐఫోన్లకు హడావుడిగా అప్‌డేట్ ఇచ్చింది. సీ భాషలో రాసిన కోడ్‌లో ‘గోటూ ఫెయిల్’ అనే లైను పొరపాటున రెండుసార్లు పడింది. దాంతో కింద ఉన్న కీలకమైన భద్రతా తనిఖీ అసలు నడవకుండానే పోయింది. ఎప్పటికీ నడవని కోడ్‌ను పట్టిచ్చే నియమం ఈఎస్‌లింట్ సిఫారసుల్లో ఉంది.

అలాగని లింటర్ అన్నీ చూసుకుంటుందని నిశ్చింతగా ఉండకండి. ఫారంలో టైప్ చేసిన 12, 8 క్వింటాళ్లను జావాస్క్రిప్ట్ అక్షరాలుగా తీసుకుంటే, కూడినప్పుడు 20 రాదు, 128 వస్తుంది! ఈఎస్‌లింట్ మామూలు నియమాలు దీన్ని పట్టవు. దానికి టైప్‌స్క్రిప్టో, సరైన టెస్టులో కావాలి. జల్లెడ రాళ్లను ఏరుతుందే గానీ తూకం సరిచూడదు. ఆ పని మనదే.