మీకు తెలుసా? బర్మా పేరు పెట్టుకున్న విశాఖ డాల్ఫిన్

వరంగల్‌లో రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి విశాఖలో దిగుతాం. బీచ్, సబ్‌మెరైన్ మ్యూజియం, కైలాసగిరి చూసుకుని తిరిగొస్తాం. జంతుశాస్త్రంలో ఆ ఊరికి ఉన్న పేరు మాత్రం మనలో చాలామందికి తెలీదు. ఐరావతి డాల్ఫిన్‌ను ఒక కొత్త జాతిగా శాస్త్రలోకం గుర్తించింది 1852లో విశాఖ రేవులో దొరికిన నమూనాను బట్టే. దాన్ని లండన్‌కు చేర్చినవాడు వాల్టర్ ఇలియట్. 1845లో అమరావతి స్తూపం దగ్గర తవ్వకాలు జరిపించిన అధికారి కూడా ఈయనే. 1866లో ఈ డాల్ఫిన్‌కు శాస్త్రీయ నామం పెట్టింది రిచర్డ్ ఓవెన్, అదే, ‘డైనోసార్’ అనే మాట పుట్టించిన ఓవెన్. తీరా జనం నోట నిలిచింది మాత్రం బర్మాలోని ఐరావతి నది పేరు! తెలుగువాణ్ణి కదా, ఆ సంగతి తలుచుకుంటే కొంచెం ఉక్రోషమే.

ఈ డాల్ఫిన్‌కు పొడుగు ముక్కు ఉండదు. గుండ్రటి తల, అటూ ఇటూ తిప్పగలిగే మెడ. నోటితో నీళ్లు చిమ్మి చేపలను ఒకచోటికి తోలుతుంది. ఐరావతి నదిలో అయితే మనుషులతో కలిసి వేటాడుతుంది. జాలరి కొయ్యముక్కతో పడవ అంచు మీద తట్టి పిలుస్తాడు. డాల్ఫిన్లు వచ్చి చేపల గుంపును పడవ వైపు తరుముతాయి. ఆయన వల విసురుతాడు, చెదిరిన చేపలు వాటికి దక్కుతాయి. ఎవరి వాటా వాళ్లకే.

ఇంతకీ డాల్ఫిన్ కూత గొంతులోంచి రాదు. తల మీద ఊపిరి రంధ్రం కింద, ముక్కు గొట్టంలో ఉండే పెదవుల్లాంటి మడతల మధ్య గాలి ఆడించి ఈల వేస్తుంది. తాను చేసిన చప్పుడు ఎదుటి వస్తువుకు తగిలి తిరిగొచ్చే ధ్వనిని ఎక్కువగా కింది దవడలోని కొవ్వు ద్వారా వింటుంది. నీటిలో శబ్దం సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోతుంది, గాలిలో కంటే నాలుగు రెట్లకు పైనే. చూపు ఆనని నీటిలో అంతకంటే నమ్మకమైన సాధనం ఏముంటుంది?

బాటిల్‌నోస్ డాల్ఫిన్ల సంగతి ఇంకా విచిత్రం. ఒక్కొక్కదానికీ తనదే అయిన ఈల ఉంటుందని 1965లో కాల్డ్‌వెల్ దంపతులు ప్రకటించారు. మేడారం జాతరలో తప్పిపోయినవాళ్ల పేర్లు మైకులో మోగుతుంటాయి చూడండి, అలాంటిదే. కాకపోతే ఇక్కడ మైకు తప్పిపోయినవాళ్ల చేతిలోనే ఉంటుంది: డాల్ఫిన్ తన పేరు తానే చాటుకుంటుంది. స్కాట్లాండ్ తీరంలో ఆ ఈలలను కంప్యూటర్‌తో అనుకరించి వినిపిస్తే, ఏ డాల్ఫిన్ ఈలకు ఆ డాల్ఫినే బదులు పలికిందని 2013లో తేలింది. అదే ఏడాది వెలువడిన మరో అధ్యయనంలో ఒక డాల్ఫిన్ ఇరవై ఏళ్ల కిందట విడిపోయిన నేస్తం ఈలను గుర్తుపట్టింది. ఫ్లోరిడాలోని సరసోటా తీరంలో 19 తల్లి డాల్ఫిన్లను పరిశీలిస్తే, పిల్ల పక్కన ఉన్నప్పుడు అవి తమ ఈలను మరింత సన్నగా, పైస్థాయిలో పలికాయి. చంటిబిడ్డతో మాట్లాడేటప్పుడు మన అమ్మల గొంతు మారినట్టే.

అయితే ‘డాల్ఫిన్ భాష’ అని పత్రికలు పెట్టే శీర్షికలను నేను అంతగా నమ్మను. పేర్లున్నాయి, జ్ఞాపకం ఉంది. 2001లో న్యూయార్క్ అక్వేరియంలో రెండు డాల్ఫిన్లు తమ ఒంటి మీద వేసిన గుర్తులను అద్దంలో చూసుకున్నాయి కూడా. వాక్యాలు కూర్చుతాయనడానికి మాత్రం ఇంకా రుజువు లేదు.

ఏటూరునాగారం దగ్గర గోదావరిలో డాల్ఫిన్లు దొరుకుతాయా అంటారా? దొరకవు. 2009లో మన జాతీయ జలచరంగా ప్రకటించిన గంగా డాల్ఫిన్ కూడా గంగ, బ్రహ్మపుత్ర నదులు, వాటి ఉపనదులు దాటి ఇటు రాలేదు. దానికి కళ్లు దాదాపు కనిపించవు, దారి వెతుక్కోవడం ఎక్కువగా శబ్దంతోనే. మనకు అందుబాటులో ఐరావతి డాల్ఫిన్‌ను చూడాలంటే ఒడిశాలోని చిలికా సరస్సే. పూరీ నుంచి సతపడ వెళితే పడవలు దొరుకుతాయి. పూరీ తీరంలో తెలుగు మాట్లాడే జాలరులు ఎంతోమంది ఉన్నారు కాబట్టి అక్కడ భాషకు పెద్దగా ఇబ్బంది ఉండదు. డాల్ఫిన్లు కనిపించగానే ఇంజిన్ ఆపమని పడవవాడికి చెప్పండి. ఆ మోతలో వాటి ఈలలు వాటికే సరిగా వినపడవు.