కటకటాల వెనక ఉన్న అమ్మకు కబురెవరు చెబుతారు?



మనకేదైనా తెలియకపోతే పక్కింటావిడను అడుగుతాం, లేదా ఓ ఫోను చేస్తాం. జైల్లో ఉన్న ఆడమనిషి ఎవరినడుగుతుంది?

గడివేముల పక్క పల్లెలో కూలి చేసుకునే ఒకామెను ఏదో కేసులో రిమాండుకు పంపారనుకుందాం. ఆమెకు చదువు రాదు. ఆడవాళ్ళ జైలేమో కడపలోనో, ఇంకో ఊళ్ళోనో ఉంటుంది. ఇంటివాళ్ళు ములాఖత్‌కు వెళ్ళాలంటే ఆ రోజు కూలీ పోతుంది, బస్సు ఛార్జీలూ అవుతాయి. అందుకని రాకపోకలు తగ్గిపోతాయి. ఆమెకు తెలియాల్సినవి ముఖ్యంగా నాలుగు: కేసేమిటి, వాయిదా ఎప్పుడు, వకీలెవరు, పిల్లలు ఎవరి దగ్గరున్నారు.

ఇలాంటప్పుడు ముందుగా దారి చెప్పేది తోటి ఖైదీలే. అర్జీ ఎలా పెట్టుకోవాలి, ఎవరినడగాలి అన్నది పెద్దక్కల్లా చెబుతారు. అది మంచిదే. కాని "నేరం ఒప్పేసుకో, తొందరగా వదిలేస్తారు" లాంటి మాటలూ అక్కడే వినిపించవచ్చు. ఒకరి కేసు మరొకరి కేసులా ఉండదు కదా! అందుకే విన్న మాటను వకీలునడిగి సరిచూసుకోవాలి.

స్వాతంత్ర్యోద్యమంలో జైలుకెళ్ళిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు, చట్టం తెలియక శిక్షలు అనుభవిస్తున్న స్త్రీలను అక్కడ చూసి చలించారు. తర్వాత లా చదివి న్యాయవాది అయ్యారు.

ఇప్పుడు ఆ వకీలును ఉచితంగా ఇచ్చే చట్టం ఉంది. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకూ, నిర్బంధంలో ఉన్నవారికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఉచిత న్యాయసహాయం అందుతుంది. ఆమె జైలు అధికారి ద్వారా దరఖాస్తు పంపుకోవచ్చు. చదువూ సత్ప్రవర్తనా ఉన్న దీర్ఘకాల ఖైదీలకే శిక్షణ ఇచ్చి, పారా లీగల్ వాలంటీర్లుగా తీసుకునే ఏర్పాటు కూడా ఉంది.

తెలిస్తే ఒరిగేదేమిటంటారా? కొందరికి బెయిలు వచ్చినా జామీనుదారులు దొరక్క లోపలే ఉండిపోతారు. బెయిలు ఉత్తర్వును అదే రోజో, మర్నాడో జైలుకు ఈ మెయిల్లో పంపాలని సుప్రీంకోర్టు 2023 జనవరిలో ఆదేశించింది. ఏడు రోజుల్లో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలపాలి. 2024 జులై నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టంలో ఇంకో వీలుంది. అంతకుముందు ఏ నేరంలోనూ దోషిగా తేలనివారు, కేసు పడిన నేరానికున్న గరిష్ఠ శిక్షలో మూడోవంతు కాలం విచారణ ఖైదీగా గడిపితే, వారిని బాండు మీద విడుదల చేయాలంటుంది. అయితే మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకూ, ఒకటికి మించి కేసులున్నవారికీ ఇది వర్తించదు.

ఇక పిల్లల సంగతి. మన రాష్ట్రం పేరుతోనే నడిచిన ఆర్.డి. ఉపాధ్యాయ్ కేసులో, ఆరేళ్ళలోపు పిల్లలు తల్లి దగ్గర ఉండవచ్చని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తర్వాత సంరక్షణ గృహానికి పంపితే, వారానికి ఒకసారైనా తల్లిని చూసే వీలుండాలి. ఈ సంగతి తెలియని తల్లి, బిడ్డ మళ్ళీ కనబడదేమోనని కుమిలిపోతుంది. తెలిసిన తల్లి అర్జీ పెట్టుకుంటుంది.

మీ పనిమనిషి బంధువో, తెలిసినవారి అమ్మాయో ఇలాంటి కష్టంలో ఉంటే, ఇంటివాళ్ళచేత ఒక కాగితం మీద నాలుగు సంగతులు రాయించండి: పోలీసుస్టేషను పేరు, ఎఫ్.ఐ.ఆర్. నంబరు, కోర్టు పేరు, వాయిదా తేదీ. ఆ కాగితంతో కోర్టులో ఉండే న్యాయసేవా సంస్థ ఆఫీసుకు పంపండి, లేదా 15100కు ఫోను చేయించండి. "డబ్బిస్తే నేను విడిపిస్తా"నని వచ్చే మధ్యవర్తి చేతిలో పుస్తెలతాడు తాకట్టు డబ్బు పెట్టొద్దని మాత్రం గట్టిగా చెప్పండి. తర్వాత ములాఖత్‌కు వెళ్ళినప్పుడు ఆ నాలుగు సంగతులూ, పిల్లల క్షేమసమాచారమూ ఆమెకు చదివి వినిపించమనండి.