ఒక చదరపు మీటరు కోసం: క్యాడ్ పనిలో జంట తెరలు, బహుళ డెస్క్‌టాప్‌లు

జర్మనీలో కాగితం కొలతలను క్రమబద్ధం చేసిన డిన్ 476 ప్రమాణం 1922లో వెలువడింది. వాల్టర్ పోర్స్ట్‌మాన్ రూపొందించిన ఆ పద్ధతిలో ఏ0 కాగితం వైశాల్యం ఒక చదరపు మీటరు: 841 మిల్లీమీటర్ల వెడల్పు, 1189 మిల్లీమీటర్ల పొడవు. పెద్ద యంత్రాల చిత్రాల కోసం దశాబ్దాల పాటు డ్రాయింగ్ బోర్డు మీద పరిచినది ఈ కాగితాన్నే. పక్కన మరొక బల్ల, దాని మీద పాత ట్రేసింగులు, ప్రమాణాల పుస్తకాలు, స్కేళ్ళు ఉండేవి. నేటి ఆఫీసులలో సర్వసాధారణమైన 24 అంగుళాల తెర సుమారు 53 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. అంటే ఏ0లో ఆరోవంతు. అటువంటివి రెండు పక్కపక్కన పెట్టినా పాత కాగితంలో మూడోవంతు కూడా రాదు. రెండో మానిటర్ అడిగిన ఇంజనీరు విలాసం కోరుతున్నాడనుకొనే మేనేజర్లు ఈ లెక్కను ఒకసారి వేసుకోవచ్చు.

నిజానికి క్యాడ్ రంగానికి జంట తెరలు కొత్తవి కావు. తొలితరం ఐబీఎం పీసీలలో ఏకవర్ణ అడాప్టరు, రంగుల అడాప్టరు వేర్వేరు మెమరీ చిరునామాలను వాడుకొనేవి. అందువల్ల రెండూ ఒకే యంత్రంలో ఇమిడేవి. డాస్ కాలపు ఆటోక్యాడ్ వాడుకరులు కొందరు దీనిని ఆసరా చేసుకొని ఒక తెర మీద ఆదేశాలను, మరొక తెర మీద చిత్రాన్ని ఉంచుకొనేవారు. ఒక్క తెరే ఉన్నవారు ఎఫ్1 మీట నొక్కుతూ అక్షరాలకూ బొమ్మకూ మధ్య అటూ ఇటూ తిరిగేవారు. తెర పక్కన తెర, తెర వెనుక తెర అన్న రెండు మార్గాలూ అప్పటికే అక్కడ ఉన్నాయన్నమాట.

రెండో మార్గాన్ని సిద్ధాంతంగా నిలబెట్టినది 1986లో జెరాక్స్ పార్క్ పరిశోధకులు ఆస్టిన్ హెండర్సన్, స్టూవర్ట్ కార్డ్ ప్రచురించిన ‘రూమ్స్’ వ్యాసం. వారి ఆలోచనకు మూలం పీటర్ డెనింగ్ 1968లో ప్రతిపాదించిన ‘వర్కింగ్ సెట్’ భావన. ఏ ప్రోగ్రామైనా తన పుటలన్నిటినీ ఎల్లవేళలా సమానంగా వాడదు; కొంతసేపు ఒక చిన్న గుంపు చుట్టూనే తిరుగుతుంది. ఆ గుంపుకు సరిపడా మెమరీ దొరికితే పని సాఫీగా సాగుతుంది. దొరకకపోతే పుటలను తెచ్చుకోవడంలోనే కాలమంతా గడిచిపోతుంది. హెండర్సన్, కార్డ్ మెమరీ స్థానంలో తెరను, పుటల స్థానంలో విండోలను ఉంచి చూశారు. మనిషి కూడా ఒక్కో పనికి కొన్ని విండోలనే కలిపి వాడతాడు. పని మారితే గుంపు మారుతుంది. కనుక ఒక్కో గుంపుకు ఒక్కో గది. ట్యూబింగెన్ విశ్వవిద్యాలయ విద్యార్థి మథియాస్ ఎట్రిష్ 1996లో ప్రారంభించిన కేడీఈ వంటి వ్యవస్థల ద్వారా ఈ సౌకర్యం లినక్స్ వాడుకరులకు అలవాటైంది. విండోస్‌లో అంతర్భాగంగా రావడానికి మాత్రం 2015లో విండోస్ 10 దాకా ఆగవలసి వచ్చింది.

అయితే గదుల సంఖ్య పెంచినంత మాత్రాన ఏ ఒక్క గదీ పెద్దది కాదు. క్యాడ్ పనిలో తేడా అంతా ఇక్కడే ఉంది. సరఫరాదారు పంపిన చిత్రాన్ని త్రిమితీయ నమూనాతో పోల్చేటప్పుడు ఆ రెండూ ఒకే గుంపుకు చెందుతాయి, ఏకకాలంలో కంటికి కనబడాలి. వాటిని రెండు డెస్క్‌టాప్‌లలో పెడితే కొలతను మోసుకెళ్ళవలసినది జ్ఞాపకశక్తి. జర్మన్ చిత్రాలలో దశాంశానికి కామా వాడతారు. ఇతర పత్రాలలో వేలను విడదీయడానికి చుక్క వాడటం కద్దు. 1.250 అన్న అంకె స్టుట్‌గార్ట్‌లో పన్నెండు వందల యాభై, హైదరాబాదులో ఒకటింబాతిక. అటువంటి అంకెను తలలో పెట్టుకొని ఒక తెర నుండి మరొక తెరకు దాటడం, పక్కనే చూసి సరిచూసుకోవడం ఒకటి కావు. పాత రివిజన్ మీద పని చేసిన సంగతి ప్రెస్ టూలు తయారయ్యాక తెలిస్తే దాని ఖరీదు మానిటర్ల ధరతో పోల్చదగినది కాదు.

వేర్వేరు ప్రాజెక్టులను విడదీయడానికి మాత్రం బహుళ డెస్క్‌టాప్‌లే మేలు. డైమ్లర్ సంస్థ కాటియా నుండి సీమెన్స్ ఎన్ఎక్స్‌కు మారాలని 2010లో నిర్ణయించాక, ఇతర కార్ల కంపెనీలకు కాటియాలోనూ డైమ్లర్‌కు ఎన్ఎక్స్‌లోనూ భాగాలు గీయవలసిన సరఫరాదారులకు ఈ అవసరం మరింత పెరిగింది. ఒక ఖాతాదారు నమూనా మరొకరి ఫోల్డరులో పడకుండా చూసుకోవడానికి ఒక్కొక్కరికి ఒక్కో డెస్క్‌టాప్ కేటాయించడం తేలికైన కట్టుబాటు. చిన్న చిక్కు ఒకటుంది. జర్మన్ అంతరిక్ష సంస్థ డీఎల్ఆర్ రోబో పరిశోధనల నుండి పుట్టిన స్పేస్‌మౌస్‌ను ఎడమ చేత్తో, మామూలు మౌస్‌ను కుడి చేత్తో పట్టుకొన్న డిజైనరుకు కంట్రోల్, విండోస్, బాణం మీటలు మూడూ నొక్కడానికి చేయి ఖాళీ ఉండదు. స్పేస్‌మౌస్ మీది ఒక బొత్తానికి ఆ మార్పిడిని అప్పగించడమే దీనికి విరుగుడు.

హైదరాబాదులోని ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్, అంటే నేటి సైయెంట్, 2000లో ఒక జర్మన్ క్యాడ్ సాఫ్ట్‌వేర్ కంపెనీని కొనుగోలు చేసినప్పటికే ఈ రెండు ప్రాంతాల మధ్య డిజైన్ పని నడిచే దారి ఏర్పడింది. హైదరాబాదులో కూర్చొని జర్మనీలోని సర్వరు మీద గీసేవారికి లెక్క కొంత వేరు. విండోస్ 7 నుండి రిమోట్ డెస్క్‌టాప్ అనేక తెరలను గుర్తించగలదు, కానీ రెండు తెరల నిండా నమూనా తిరిగితే నెట్‌వర్కు మోయవలసిన చిత్రభారం కూడా పెరుగుతుంది. దూరపు యంత్రాన్ని ఒక తెరకే పరిమితం చేసి, పత్రాలను స్థానికంగా రెండో తెర మీద తెరుచుకోవడం చాలా సందర్భాలలో ఉత్తమం.

ఇక మెడ సంగతి. రెండు తెరలనూ సమానంగా వాడేవారు వాటి అంచులు కలిసే చోటును ముక్కుకు ఎదురుగా ఉంచి, రెంటినీ కొద్దిగా లోపలికి తిప్పుకోవాలి. ఒకటే ప్రధానమైతే దానిని సూటిగా ఎదురుగా, రెండోదానిని పక్కకు పెట్టుకోవాలి. చాలామంది ఒకే పద్ధతిని అన్ని పనులకూ కొనసాగించి, సాయంత్రానికి ఒక భుజం పట్టేసిందని వాపోతారు. 1990 నాటి ఐరోపా ఆదేశాన్ని అనుసరించి జర్మనీ 1996లో తెర పనికి ప్రత్యేక నిబంధనలు చేసింది. 2016లో అవి పని స్థలాల నిబంధనలలో కలిశాయి. ఎన్ని తెరలు ఉండాలో అవి లెక్క చెప్పవు. మధ్యమధ్య వేరే పనో విరామమో ఉండాలని, తెరను కావలసిన వైపు తిప్పుకోగలగాలని చెబుతాయి. కంటి పరీక్షలో అవసరమని తేలితే తెర పనికి తగిన కళ్ళద్దాల ఖర్చు యజమానిదే. చత్వారం వచ్చి, ప్రోగ్రెసివ్ అద్దాలతో తల పైకెత్తి తెర చదివే నలభై దాటినవారికి ఇది చిన్న విషయం కాదు.

పని స్థలంలో ఆరోగ్య రక్షణ విషయాలలో బెట్రీబ్స్‌రాట్ అనబడే ఉద్యోగుల మండలికి చట్టప్రకారం సహనిర్ణయాధికారం ఉంది. ఓటు హక్కు గల ఉద్యోగులు అయిదుగురున్న సంస్థలోనూ దానిని ఎన్నుకోవచ్చు. ఆ ఓటుకు జర్మన్ పౌరసత్వం అక్కరలేదు. భారతదేశం నుండి వచ్చిన ఇంజనీర్లు పలువురు దీనిని తమకు సంబంధం లేని కార్మిక సంఘ వ్యవహారంగా భావించి, రెండో మానిటరును, ఎత్తు మార్చుకోగల బల్లను సొంత డబ్బుతో కొనుక్కొంటారు.