మన వార్డు మెంబరు పని ఏమిటి?



పట్నంలో వార్డుకు గెలిచినవారిని కౌన్సిలర్ అంటారు. పెద్ద నగరంలో అయితే కార్పొరేటర్ అంటారు. మన ఊళ్లల్లో ఆ పని చేసే మనిషి వార్డు మెంబరు. పంచాయతీ ఎన్నికలప్పుడు మన అమ్మానాన్నలకు రెండు ఓటు చీటీలు ఇస్తారు. ఒకటి సర్పంచ్‌కి, రెండోది వార్డు మెంబరుకి. మీ సర్పంచ్ ఎవరని అడిగితే మనం టక్కున చెబుతాం. మెంబరు ఎవరంటే తల గోక్కుంటాం. ఊళ్లోవాడే కాబట్టి ఆయన్ని మావయ్యగానో పెదనాన్నగానో చూస్తాం తప్ప మెంబరుగా చూడం.

దగ్గరి మనిషి

ఏజెన్సీలో ఒక పంచాయతీ అంటే చాలా గూడేలు. కొన్ని రోడ్డు పక్కన, కొన్ని కొండ మీద. సర్పంచ్ అన్ని ఊళ్లకూ రోజూ తిరగలేరు. మెంబరు మాత్రం మన మధ్యే ఉంటాడు. మనం తాగే ఊట నీళ్లే ఆయనా తాగుతాడు. గ్రావిటీ పైపు పగిలితే ఆయన ఇంటికీ నీళ్లు రావు. పెళ్లికి, చావుకు, ఇటుకల పండుగకు అందరికంటే ముందుంటాడు. దింసాలో చెయ్యి కలుపుతాడు. ఇదంతా మంచిదే. కానీ పండుగకు చందా ఇచ్చినంత మాత్రాన మెంబరు పని అయిపోదు.

అసలు పని

1. ఊరి కష్టాన్ని పంచాయతీ మీటింగులో చెప్పడం. బోరు చెడిపోయింది, దోమల మందు కొట్టలేదు, రోడ్డు లేక గర్భిణిని డోలీలో మోశాం అని ఆయన చెప్పాలి. చెప్పింది తీర్మానం పుస్తకంలో ఎక్కిందో లేదో చూసుకోవాలి. పుస్తకంలో లేని మాటను ఆఫీసులో ఎవరూ లెక్కపెట్టరు.

2. మీటింగులో జరిగింది తిరిగి ఊరికి చెప్పడం. ఎంత డబ్బు వచ్చింది, దేనికి ఖర్చయింది అన్నది మనకు తెలియాలి.

3. సర్పంచ్ తప్పు చేస్తే అడగడం. ఉపసర్పంచ్‌ని ఎన్నుకునేది కూడా మెంబర్లే.

చట్టం ఏమంటోంది?

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమలులోకి వచ్చింది. ఏజెన్సీ ప్రాంతాల కోసం 1996లో వేరే చట్టం చేశారు. దాన్నే పెసా చట్టం అంటారు. దాని ప్రకారం ఏజెన్సీ పంచాయతీలో సర్పంచ్ గిరిజనులే అవ్వాలి. మెంబర్లలో కనీసం సగం మంది గిరిజనులు ఉండాలి. తన ఆచారంతో తన పనులు తాను చూసుకునే చిన్న గూడెం కూడా ఒక గ్రామమే, దానికీ గ్రామసభ ఉండొచ్చు. పథకంలో ఎవరికి లబ్ధి అన్నది గ్రామసభే గుర్తించాలి. ఖర్చు పెట్టిన డబ్బుకు పంచాయతీ గ్రామసభ దగ్గరే ధ్రువపత్రం తీసుకోవాలి. అంటే అడిగే హక్కు మన అమ్మానాన్నలకు ఉంది.

ఎక్కడ ఆగిపోతోంది?

చాలా చోట్ల సభ జరగకుండానే పుస్తకం ఇంటింటికీ వస్తుంది. పెద్దవాళ్లు చదవలేరు. "వేలిముద్ర వెయ్యి తాతా" అంటే వేసేస్తారు. పైన ఏం రాశారో తెలీదు. ఒక్కోసారి పైన ఏమీ రాసి ఉండదు. ఖాళీ కాగితం మీద వేసిన వేలిముద్ర మన నోరు మనమే కట్టేసుకున్నట్టు. ఇంకొకటి. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ పంచాయతీల్లో సగం సీట్లు ఆడవాళ్లవి. కానీ గెలిచింది అత్త అయితే మీటింగుకి మావయ్య వెళ్తాడు. కుర్చీ ఆమెది, మాట ఆయనది. నీళ్లు మోసేది ఆమె. కుండ బరువు ఆమె చెబితేనే బాగుంటుంది.

మనం ఏం చెయ్యొచ్చు?

మనకు ఇంకా ఓటు లేదు. 18 ఏళ్లు నిండి ఓటర్ల జాబితాలో పేరు ఎక్కితే గ్రామసభలో సభ్యులం అవుతాం. 21 నిండితే మెంబరుగా నిలబడొచ్చు. అప్పటిదాకా ఖాళీగా ఉండక్కర్లేదు. మనకు చదువు వచ్చు. సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు మెంబరు దగ్గరకు వెళ్లి, "మావా, మన ఊరి సంగతి తీర్మానంలో రాయించావా?" అని మర్యాదగా అడుగుదాం. ఆయనకు చదవడం రాకపోతే మనమే పుస్తకం చదివి పెడదాం. అర్జీ కావాలంటే రాసి పెడదాం. చదివి వినిపించకుండా వేలిముద్ర వెయ్యొద్దని తాతకు, నాయనమ్మకు చెబుదాం.

మెంబరు మంచివాడైతే ఆయనకు బలం వస్తుంది. బద్ధకస్తుడైతే కదలిక వస్తుంది. అడిగేవాళ్లు ఉన్న ఊరికే పని జరుగుతుంది.

— 9వ తరగతి