చిరునామాలు - దూరాల గణన (కంప్యూటరు)

తపాలా చిరునామా మనిషి చదివి అర్థం చేసుకోవడానికి ఏర్పడినది. దూరాన్ని లెక్కించడానికి కంప్యూటరుకు కావలసినవి అక్షాంశ, రేఖాంశాలు. మొదటిదానిని రెండవదానిగా మార్చే ప్రక్రియను జియోకోడింగ్ అంటారు. అంబులెన్సును పంపడం, సరకుల బట్వాడా, ఒక ఆవాసానికి బడి ఎంత దూరంలో ఉన్నదో తేల్చడం వంటి పనులు దీనిపై ఆధారపడి ఉన్నాయి. ఈ వ్యాసం ప్రధానంగా భారతదేశపు చిరునామాలను గురించినది.

చిరునామా స్వరూపం

భారతీయ చిరునామాలో ఇంటి నంబరు, వీధి, ఊరు, జిల్లాలతో పాటు "రామాలయం ఎదురుగా", "నీళ్ళ ట్యాంకు వెనుక" వంటి ఆనవాళ్ళు కూడా ఉంటాయి. పోస్ట్‌మ్యాన్‌కు ఇవే ఎక్కువ ఉపయోగకరం. ప్రోగ్రాముకు మాత్రం ఇవి చిక్కు సమస్యలు. విశాఖపట్నం, విశాఖ, వైజాగ్ అనే మూడు పేర్లూ ఒకే నగరానివని దానికి ముందుగా తెలియజెప్పాలి. రామాపురం, కొత్తపల్లి వంటి పేర్లు గల ఊళ్ళు అనేకం ఉన్నందున మండలం, జిల్లా తెలియనిదే ఏ ఊరో నిర్ణయించరాదు.

జిల్లా పేరు కూడా స్థిరమైనది కాదు. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. 2016లో ఆ రాష్ట్రంలోని 10 జిల్లాలు 31 అయ్యాయి. 2022లో ఆంధ్రప్రదేశ్‌లోని 13 జిల్లాలు 26 అయ్యాయి. ఇల్లు కదలకపోయినా దాని చిరునామా మారింది. అందుచేత పాత పేర్లను చెరిపివేయక, కొత్త పేర్లతో జతచేసి ఉంచుకోవడం మంచి పద్ధతి.

పిన్‌కోడ్

ఆరు అంకెల పిన్‌కోడ్ విధానం 1972 ఆగస్టు 15న అమలులోకి వచ్చింది. దీని రూపకర్త శ్రీరామ్ భికాజీ వేలంకర్ సంస్కృత కవి కూడా. మొదటి అంకె జోనును తెలుపుతుంది. 5 అనేది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటకలకు చెందినది. మొదటి మూడు అంకెలు కలిసి ఉత్తరాలను వేరుచేసే జిల్లాను, చివరి మూడు బట్వాడా చేసే తపాలా కార్యాలయాన్ని సూచిస్తాయి.

పిన్‌కోడ్ ఒక బిందువు కాదు, ఒక కార్యాలయపు బట్వాడా పరిధి. పల్లె ప్రాంతాలలో ఒకే పిన్‌కోడ్ కింద అనేక గ్రామాలు ఉంటాయి. పిన్‌కోడును బట్టి మాత్రమే దూరాన్ని లెక్కించే ప్రోగ్రాము అటువంటి రెండు గ్రామాల మధ్య దూరం సున్నా అని చెబుతుంది. భారతీయ పిన్‌కోడ్ సున్నాతో మొదలుకాదు కనుక దానిని సంఖ్యగా భద్రపరచినా నష్టం కనిపించదు. అదే ప్రోగ్రాములో అమెరికాలోని బోస్టన్‌కు చెందిన 02108ని నమోదు చేస్తే అది 2108గా మిగులుతుంది. కోడును అంకెలుగా కాక అక్షరాలుగానే భద్రపరచాలి.

ఈ లోపాన్ని తీర్చడానికి తపాలా శాఖ ఐఐటీ హైదరాబాదు, ఇస్రోకు చెందిన జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రాల సహకారంతో డిజిపిన్ అనే విధానాన్ని రూపొందించి 2025లో విడుదల చేసింది. ఇందులో దేశాన్ని సుమారు 4 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు గల గళ్ళుగా విభజించి, ఒక్కొక్క గడికి 10 అక్షరాంకాల సంకేతం ఇచ్చారు. ఇది అక్షాంశ, రేఖాంశాల నుండే పుడుతుంది కనుక జిల్లా పేరు మారినా మారదు.

దూరాన్ని లెక్కించే పద్ధతి

ఒక డిగ్రీ అక్షాంశ భేదం సుమారు 111 కి.మీ. రేఖాంశ భేదం అలా కాదు. ధ్రువాల వైపు వెళ్ళేకొద్దీ రేఖాంశ రేఖలు దగ్గరవుతాయి కనుక దానిని అక్షాంశపు కొసైన్‌తో గుణించాలి. హైదరాబాదు (17.385, 78.487), విజయవాడ (16.506, 80.648) నగరాల మధ్య భేదం అక్షాంశాలలో 0.879, రేఖాంశాలలో 2.161 డిగ్రీలు. కొసైన్‌ను విస్మరిస్తే 259 కి.మీ., పాటిస్తే 250 కి.మీ. వస్తుంది. మన ప్రాంతంలో ఈ తేడా స్వల్పమే. 60 డిగ్రీల అక్షాంశం వద్ద తూర్పు పడమరల దూరం రెట్టింపుగా కనబడుతుంది.

ప్రోగ్రాములలో సాధారణంగా వాడేది హావర్సైన్ సూత్రం. కోణంలో సగానికి సైన్ కట్టి వర్గం చేస్తే హావర్సైన్ వస్తుంది. నావికుల పట్టికలలో పుట్టిన ఈ సూత్రం, 6,371 కి.మీ. వ్యాసార్ధం గల గోళంగా భూమిని భావించి, మహావృత్తపు చాపం పొడవును ఇస్తుంది. మామూలు కొసైన్ సూత్రంలో దగ్గరి బిందువులకు విలువ ఒకటికి అతి సమీపంగా వచ్చి దశాంశ స్థానాలు నష్టమవుతాయి. హావర్సైన్‌లో ఆ ఇబ్బంది లేదు. భూమి ధ్రువాల వద్ద కొంత నొక్కుకొని ఉన్నందున, మరింత ఖచ్చితత్వం కోరేవారు 1975లో విన్సెంటీ ప్రచురించిన సూత్రాలను వాడతారు.

చిరునామా దొరకనప్పుడు కొన్ని ప్రోగ్రాములు అక్షాంశ, రేఖాంశాలు రెండింటినీ సున్నాగా నమోదు చేస్తాయి. అది ఆఫ్రికా పక్కన గినీ సింధుశాఖలోని చోటు. హైదరాబాదులోని ఇల్లు బడికి 8,800 కి.మీ. దూరంలో ఉన్నట్లు తేలితే కారణం ఇదే కావచ్చు. ఖాళీని ఖాళీగానే ఉంచాలి.

నడిచే దూరం

పైన లెక్కించిన 250 కి.మీ. ఆకాశ మార్గం. హైదరాబాదు నుండి విజయవాడకు రోడ్డు దూరం సుమారు 275 కి.మీ. దూర ప్రయాణంలో ఈ భేదం పెద్దది కాకపోయినా, చిన్న దూరాలలో ఇది నిర్ణయాలనే తారుమారు చేయగలదు. విద్యాహక్కు చట్టం కింద 2010లో వచ్చిన కేంద్ర నియమాలు 1 నుండి 5వ తరగతి పిల్లలకు ఒక కిలోమీటరు, 6 నుండి 8వ తరగతి వారికి 3 కిలోమీటర్ల లోపల బడి ఉండాలన్నాయి. అక్కడ చెప్పినది నడక దూరం. ఊరికీ బడికీ మధ్య వాగు ఉండి, వంతెన రెండు కిలోమీటర్ల ఎగువన ఉన్నదనుకుందాం. హావర్సైన్ సూత్రం 800 మీటర్లని చూపితే ఆ ఊరు నియమాన్ని తీర్చినట్లే కనబడుతుంది. ఆరేళ్ళ పిల్ల మాత్రం నాలుగు కిలోమీటర్లకు పైగా నడవాలి.

నడక దూరానికి దారుల పటం కావాలి. కూడళ్ళను బిందువులుగా, వాటి మధ్య దారులను పొడవులు గల రేఖలుగా భద్రపరచి, డైక్‌స్ట్రా 1959లో ప్రచురించిన పద్ధతితో అతి తక్కువ దూరపు దారిని కనుగొంటారు. వాగు మీది కాలిబాట వానాకాలంలో మునిగేదయితే, ఆ రేఖను ఆ నెలలలో పటం నుండి తొలగించి లెక్కించాలి.