కాలసూచక పల్స్ – ధ్రువతా సంప్రదాయం: పరిభాషా పరిశీలన

వ్యాససంగ్రహం:
జి.పి.ఎస్. గ్రాహకం సెకనుకొకసారి వెలువరించే విద్యుత్ పల్స్ సీరియల్ పోర్టు ద్వారా కంప్యూటరుకు చేరుతుంది. ఆ పల్స్‌కున్న రెండు అంచులలో ఏది సెకను ఆరంభమో నిర్ణయించే సంప్రదాయాన్ని, దానికి తగిన తెలుగు పదాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: ధ్రువత, పల్స్, ఆర్.ఎస్.-232, పంచాంగం, పరిభాష.

1. ఉపోద్ఘాతం:
తెలుగు పంచాంగాలలో తిథి పక్కన ముద్రించే సమయం సాధారణంగా ఆ తిథి ముగిసే సమయం. అక్కడి ‘వరకు’ అనే మాటను విస్మరించి దానిని ఆరంభంగా గ్రహిస్తే, ఒక తిథి పరిమాణమంత, అంటే దాదాపు 20 నుండి 27 గంటల పొరపాటు జరుగుతుంది. ఇక్కడ గణితంలో దోషం లేదు. ఏ కొసను గుర్తించారన్న ఒప్పందం తెలియకపోవడమే దోషం. కాలసూచక పల్స్ విషయంలోనూ సమస్య ఇదే.

భీమవరం 82.5 డిగ్రీల ప్రామాణిక రేఖాంశానికి సుమారు ఒక డిగ్రీ పడమర ఉంది. అందువల్ల అక్కడి సగటు సౌరకాలం భారత ప్రామాణిక కాలం కంటే దాదాపు 4 నిమిషాలు వెనుకబడి ఉంటుంది. ఉపగ్రహ గ్రాహకానికి ఈ స్థలభేదం లేదు. అది భీమవరంలోనైనా ఢిల్లీలోనైనా ఒకే సెకను ఆరంభాన్ని సూచిస్తుంది. ఆ సూచనను సరిగా చదవడమే మిగిలిన పని.

2. ధ్రువతా సంప్రదాయం:
ఆర్.ఎస్.-232 ప్రమాణంలో నియంత్రణ తీగపై +3 వోల్టులకు మించిన స్థాయి ‘ఆన్’, -3 వోల్టుల కన్నా తక్కువ స్థాయి ‘ఆఫ్’. దత్తాంశ తీగపై మాత్రం రుణ వోల్టేజి 1ని, ధన వోల్టేజి 0ను సూచిస్తుంది. ఒకే ప్రమాణంలో ‘ధన’ శబ్దానికి రెండు అర్థాలు ఏర్పడ్డాయి.

పల్స్‌ను సాధారణంగా డి.సి.డి. అనే నియంత్రణ తీగకు కలుపుతారు. మోగల్, మిల్స్ తదితరులు 2000 మార్చిలో రూపొందించిన ఆర్.ఎఫ్.సి. 2783 పత్రం రెండు అంచులకు ‘అసర్ట్’, ‘క్లియర్’ అని పేర్లు పెట్టింది. డి.సి.డి. ఆన్ కావడం అసర్ట్, ఆఫ్ కావడం క్లియర్.

3. విలోమం – ఫలితం:
గ్రాహకం నుండి వచ్చే 5 వోల్టుల పల్స్‌ను నేరుగా డి.సి.డి.కి కలిపితే, చాలా పోర్టులలో మొదటి అంచు అసర్ట్ అవుతుంది. మధ్యలో మాక్స్-232 వంటి చిప్ ఉంటే సంకేతం తలకిందులై, అదే అంచు క్లియర్ అవుతుంది. పల్స్ వెడల్పు 100 మిల్లీసెకన్లు అయినప్పుడు తప్పు అంచును ఎంచుకుంటే గడియారం సరిగ్గా అంతే వెనుకబడుతుంది. అయినా దాని నడకలో ఒడుదొడుకులు కనిపించవు. నిలకడ ఉన్నంత మాత్రాన అది సరైన కాలమని చెప్పలేం.

దీనిని కనిపెట్టే మార్గం సులభం. అసర్ట్ నుండి తరువాతి క్లియర్ వరకు 100 మిల్లీసెకన్లు ఉంటే సంకేతం సక్రమం, 900 ఉంటే విలోమం. విలోమమైతే తీగలు మార్చనవసరం లేదు. ఎన్.టి.పి., క్రోనీ వంటి సాఫ్ట్‌వేర్లలో క్లియర్ అంచును ఎంచుకునే వీలుంది.

4. ముగింపు:
ఈ అంచులను తెలుగులో ‘ఆరోహణ’, ‘అవరోహణ’ అంటే వోల్టేజి దిశ తెలుస్తుంది కాని సెకను ఆరంభం తెలియదు. తీగ మారితే ఆ దిశ కూడా మారుతుంది. ‘ఆరంభపు అంచు’, ‘ముగింపు అంచు’ అనే పదాలు కాలాన్ని ఆశ్రయించినవి కనుక విలోమం వల్ల మారవు. పంచాంగకర్త ‘వరకు’ అనే ఒక్క మాటతో సాధించిన స్పష్టతను సాంకేతిక తెలుగు కూడా పాటించడం అవసరం.