థ లోపలి చుక్క కనబడే తెర

విజయవాడలో పుస్తకాలకూ పత్రికలకూ పేజీలు కట్టడం నా పని. పొద్దుట కుర్చీలో కూర్చున్నది మొదలు రాత్రి లేచేదాకా కళ్లముందు ఉండేది తెలుగు అక్షరమే. అందుకే ఎవరైనా మానిటర్ కొనాలని సలహా అడిగితే, దానిమీద ఏం చేస్తారని ముందు అడుగుతాను. సినిమాలకా, ఆటలకా, రోజంతా చదువుకోవడానికీ రాసుకోవడానికీనా? చదువూ రాతా అయితే, దుకాణంలో అందరూ మొదట మాట్లాడే అంగుళాల లెక్కను కాసేపు పక్కన పెట్టమంటాను.

మన లిపి ఒక్క వరసలో కుదురుగా కూర్చునేది కాదు. పైన గుడి, కింద ఒత్తు, ఒక్కోసారి ఆ ఒత్తుకు తోడు మరో ఒత్తు. ‘స్త్రీ’ అని రాస్తే సకారం, తావత్తు, రావత్తు, గుడిదీర్ఘం అన్నీ ఒక్క అక్షరం చోటులో ఇమడాలి. ధకీ థకీ తేడా కడుపులో ఉండే చుక్క ఒక్కటే. ‘కి’, ‘కీ’ల మధ్య తేడా గుడి చివరి చిన్న మెలిక. తెర మీద ఈ చుక్కా మెలికా నిలవాలంటే వాటిని గీయడానికి సరిపడా పిక్సెళ్లు ఉండాలి.

ఇక్కడే రిజల్యూషన్ లెక్క వస్తుంది. ఫుల్ హెచ్‌డీ అంటే అడ్డంగా 1920, నిలువుగా 1080 పిక్సెళ్లు. క్యూహెచ్‌డీ అంటే 2560, 1440. 4కే అంటే 3840, 2160. మొత్తం మీద ఫుల్ హెచ్‌డీకి సరిగ్గా నాలుగు రెట్లు. అయితే ఈ అంకెలు విడిగా ఏమీ చెప్పవు. ఎంత పెద్ద తెర మీద వాటిని పరిచారన్నది చూడాలి. అదే ఫుల్ హెచ్‌డీ 24 అంగుళాల తెరలో అంగుళానికి దాదాపు 92 పిక్సెళ్లు ఇస్తుంది. 27 అంగుళాలకు వెళితే 82కు పడిపోతుంది. తెర పెరిగింది, అక్షరం చెడింది.

పుస్తకాల్లో మామూలుగా వాడే 12 పాయింట్ల సైజు తీసుకోండి. అది అంగుళంలో ఆరోవంతు. అచ్చులో ఎంత ఉంటుందో అంతే కొలతలో తెర మీద చూస్తే, 27 అంగుళాల ఫుల్ హెచ్‌డీలో ఆ ఎత్తుకు దక్కేవి 13, 14 పిక్సెళ్లు. గుడి, అక్షరం, ఒత్తు మూడూ అందులోనే సర్దుకోవాలి. థ లోపలి చుక్క బూడిదరంగు మరకగా మిగులుతుంది. ‘కథ’ అని ఉందో ‘కధ’ అని ఉందో ప్రూఫు దిద్దేవారికి తేలదు, తేలేది అచ్చయ్యాకే. అదే 27 అంగుళాలలో క్యూహెచ్‌డీ అయితే 18 పిక్సెళ్లు దక్కుతాయి, చుక్క విడిగా కనిపిస్తుంది. 4కే అయితే 27. అప్పుడు ఒత్తుల వంపులు కాగితం మీద చూసినట్టే ఉంటాయి. కళ్లజోడు నంబరు పెరుగుతోందని బాధపడే మా వృత్తివాళ్లకు నేను పదేపదే చెప్పేది ఇదే: ముందుకు వంగి చదవాల్సి వస్తుంటే ముందు తెరను అనుమానించండి.

మరి అందరూ 4కే కొనేయవచ్చా? తొందర వద్దు. 27 అంగుళాల 4కే మీద మెనూలు చీమల్లా కనిపిస్తాయి కాబట్టి విండోస్‌లో స్కేలింగ్ 150 శాతం పెట్టుకోవాలి. ఇప్పటి సాఫ్ట్‌వేర్లకు అది ఇబ్బంది కాదు. కానీ మన డీటీపీ సెంటర్లలో ఇంకా పేజ్‌మేకర్ అనే పాత పేజీ కూర్పు సాఫ్ట్‌వేర్ మీద బతికేవాళ్లున్నారు. దానికి స్కేలింగ్ తెలియదు. మెనూలైనా మరీ చిన్నవవుతాయి, లేదా మొత్తం అలుక్కుపోతుంది. వాళ్లకు 27 అంగుళాల క్యూహెచ్‌డీయే సరి, స్కేలింగ్ లేకుండా నడుస్తుంది. కంప్యూటర్‌ను కూడా చూసుకోవాలి. హెచ్‌డీఎంఐ పోర్టు 1.4 రకానిదైతే 4కే బొమ్మ సెకనుకు 30 సార్లే మారుతుంది, మౌస్ బాణం వెనకబడి కదులుతుంది. 60 కావాలంటే హెచ్‌డీఎంఐ 2.0 గానీ డిస్‌ప్లేపోర్ట్ 1.2 గానీ ఉండాలి.

27 అంగుళాలను ఇష్టపడటానికి నాకు మరో కారణం ఉంది. దాని ఎత్తు 33 సెంటీమీటర్ల పైచిలుకు. ఏ4 పేజీ ఎత్తు 29.7. అసలు కొలతలో రెండు పేజీలు పక్కపక్కన పట్టి, మెనూకు కాస్త చోటు మిగులుతుంది. 24 అంగుళాల తెర ఎత్తే ఏ4 అంత.

ఇక తెర లోపలి ప్యానెల్ సంగతి. ముఖ్యంగా టీఎన్, వీఏ, ఐపీఎస్ అనే రకాలు కనిపిస్తాయి. టీఎన్ చవక, వేగం ఎక్కువ. కానీ కూర్చున్న చోటు నుంచి కొంచెం కిందికి జరిగితే చాలు, రంగు మారిపోతుంది. ఒకే పేజీ పైభాగం ఒక ఛాయ, కిందిభాగం ఒక ఛాయ. చదివే పనికి వద్దు. వీఏలో నలుపు చిక్కగా ఉంటుంది, కాంట్రాస్ట్ 3000:1 దాకా వస్తుంది. చీకటి గదిలో సినిమాకు బాగు. నల్లని నేపథ్యం మీద తెల్లని అక్షరాలు పెట్టుకుని పేజీ జరిపితే మాత్రం చాలా వీఏ తెరల్లో వెనక మసక తోక కనిపిస్తుంది. ఐపీఎస్‌లో కాంట్రాస్ట్ మామూలుగా 1000:1, లైటు తీస్తే నలుపు బూడిదగా తేలుతుంది. అయినా పక్కనుంచి చూసినా రంగు మారదు. నా పక్కన రచయిత కూర్చుని అట్ట బొమ్మ చూస్తున్నప్పుడు ఇద్దరికీ ఒకే ఎరుపు కనబడాలి కదా! రంగుల పని చేసేవాళ్లు ఎస్ఆర్‌జీబీ అనే ప్రామాణిక రంగుల పరిధిలో తెర ఎంత శాతం చూపుతుందో కూడా అడగండి, 99 ఉంటే నిశ్చింత.

ఓలెడ్ అద్భుతమైన బొమ్మ ఇస్తుంది, ప్రతి పిక్సెల్ తానే వెలుగుతుంది కాబట్టి నలుపంటే నలుపే. కానీ టూల్‌బార్లు రోజంతా ఒకేచోట నిలిచే పనిలో వాటి ముద్ర తెర మీద మిగిలిపోయే ప్రమాదం ఉంది. పైగా చాలా ఓలెడ్ మానిటర్లలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కల అమరిక వేరు. అందువల్ల అక్షరాల అంచున రంగుల గీత తేలుతుంది. తెలుగు పాఠానికి ఇంకా నేను సిఫారసు చేయను.

కొనడానికి వెళ్లేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో మీ తెలుగు పీడీఎఫ్ ఒకటి పట్టుకెళ్లండి. దుకాణంవాళ్లు చూపించే పూల వీడియో ఆపించి, పేజీని అసలు కొలతకు తెచ్చి, చేతి దూరంలో కూర్చుని ‘కథ’, ‘ధర’, ‘రాష్ట్రం’ చదవండి. పక్కకు జరిగి మళ్లీ చూడండి. డబ్బు పరిమితమైతే 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ ఐపీఎస్, కొంచెం పెట్టగలిగితే 27 అంగుళాల క్యూహెచ్‌డీ ఐపీఎస్. 27 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మాత్రం, ఎంత తక్కువకు ఇస్తామన్నా, తెలుగు చదివేవాళ్లు కొనకండి.